పేరొక్కటే, దేశాలు రెండు



1960 సెప్టెంబర్ 20న ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు వరసగా సభ్యత్వం తీసుకున్నాయి. అన్నీ అప్పుడప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశాలు. వాటిలో రెండింటి పేరు అచ్చంగా ఒకటే: కాంగో రిపబ్లిక్. ఒకటి కాంగో నదికి ఉత్తరపు గట్టున ఉంది, ఇంకొకటి దక్షిణపు గట్టున. ఏది ఏదో తెలియడానికి ఒకదాని పక్కన బ్రాజావిల్ అనీ, రెండోదాని పక్కన లియోపోల్డ్‌విల్ అనీ రాజధానుల పేర్లు చేర్చి రాసుకోవలసి వచ్చింది.

ఆ తికమక ఇప్పటికీ తీరలేదు. కాంగోలో యుద్ధం అని వార్త వస్తుంది. ఏ కాంగోలో అన్నది మన చెవిన పడదు. నైజర్‌లో సైనిక తిరుగుబాటు అని చదువుతాం, నైజీరియాలో అని పక్కింటివాళ్ళకు చెబుతాం. పక్కపక్కనే ఉండి, వినడానికి ఒకేలా ఉండే ఇలాంటి దేశాలను వేరువేరుగా ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఈ రెండు జంటలను ముందు పెట్టుకుని ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

రెండు జంటలకూ పేరు నది నుంచే వచ్చింది. నది పేరు పంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని పక్కపక్క జిల్లాలు పెట్టుకున్నవాళ్ళం. కాకినాడ ఏ జిల్లాకు కేంద్రంగా ఉండేదో, ఏలూరు ఏ జిల్లాకు కేంద్రంగా ఉండేదో ఆ ప్రాంతం వాళ్ళెవరూ తడబడరు. ఆ ఊళ్ళు వాళ్ళకు తెలుసు, అక్కడి మనుషులు తెలుసు. కాంగో దగ్గర మనం తడబడుతున్నామంటే అక్కడి ఊళ్ళూ మనుషులూ మనకు ఇంకా పరిచయం కాలేదని అర్థం. కాబట్టి ముందు ఆ పరిచయం చేసుకుందాం.

కాంగో నది పొడవు సుమారు 4,700 కిలోమీటర్లు. భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. మోసుకుపోయే నీటి లెక్కన ప్రపంచంలో అమెజాన్ తర్వాత దీనిదే స్థానం. కొన్నిచోట్ల లోతు 220 మీటర్లు దాటుతుంది. సముద్రంలో కలవడానికి ముందు ఒకచోట ఈ నది బాగా విస్తరించి పెద్ద చెరువులా మారుతుంది. దాన్ని మలెబో మడుగు అంటారు. ఆ మడుగు దాటగానే నది ఇరుకైన రాతి లోయలో పడి, వరసగా జలపాతాలై దూకుతుంది. అక్కడ పడవ నడవదు. పైనుంచి పడవల్లో వచ్చిన సరుకంతా మడుగు దగ్గర దిగాల్సిందే. అందుకే ఆ మడుగు ఒడ్డున సంతలు వెలిశాయి, తర్వాత నగరాలు పెరిగాయి. ఉత్తరపు గట్టున బ్రాజావిల్, దక్షిణపు గట్టున కిన్షాసా. ఈ కిన్షాసాయే పాత లియోపోల్డ్‌విల్. రెండు దేశాల రాజధానులు నదికి చెరో ఒడ్డున ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటాయి. అయినా వాటి మధ్య ఇంతవరకు వంతెన లేదు. రాకపోకలు ఎక్కువగా పడవల మీదే.

ఒకే నది ఒడ్డున ఉన్నవాళ్ళు రెండు దేశాలవాళ్ళు ఎలా అయ్యారు? 1880లో పియెర్ ద బ్రాజా అనే అన్వేషకుడు ఉత్తరపు గట్టు ప్రాంతాన్ని ఏలుతున్న టేకే జాతి రాజు మకోకోతో ఒక ఒప్పందం రాయించుకున్నాడు. బ్రాజా ఇటలీలో పుట్టినవాడు, ఫ్రాన్సు కొలువులో ఉన్నవాడు. ఆ ఒప్పందంతో ఆ గట్టు ఫ్రాన్సు రక్షణలోకి వచ్చినట్టు లెక్క. బ్రాజా వెళ్ళిపోతూ, సెనెగల్ దేశపు సార్జెంటు మలామిన్ కమారాను కొద్దిమంది సిపాయిలతో అక్కడ కాపలా ఉంచాడు. మరుసటి ఏడాది హెన్రీ మోర్టన్ స్టాన్లీ అక్కడికి చేరుకున్నాడు. ఇతను బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ తరఫున వచ్చినవాడు. మలామిన్ ఫ్రెంచి జెండా పట్టుకుని ఎదురువెళ్ళి, ఒప్పందం కాగితం చూపించాడు. చేసేది లేక స్టాన్లీ నది దాటి దక్షిణపు గట్టున మకాం వేశాడు. దానికి ఆ రాజు పేరే పెట్టి లియోపోల్డ్‌విల్ అన్నాడు. రెండు కాంగోల సరిహద్దుకు మూలం ఆ మడుగు దగ్గర జరిగిన ఈ పోటీలో ఉంది.

1884 నవంబర్‌లో మొదలై 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో ఐరోపా రాజ్యాలు సమావేశమయ్యాయి. ఆఫ్రికా గురించి జరిగిన ఆ సమావేశంలో ఆఫ్రికా నుంచి ఒక్కరు కూడా లేరు. దక్షిణపు గట్టు ఏ దేశానికీ పోకుండా లియోపోల్డ్ సొంత ఆస్తిగా మారింది. తన దేశానికి 75 రెట్లకు మించిన ఆ నేల మీద ఆయన ఒక్కసారి కూడా కాలుపెట్టలేదు. అడవి రబ్బరు కోసం ఊళ్ళకు ఊళ్ళను వెట్టికి తోలారు. చెప్పినంత రబ్బరు తేకపోతే కొరడా దెబ్బలు, తుపాకులు. సిపాయిలు మనుషుల చేతులు నరికేవారు. అలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ తీసిన ఫొటోలు, రోజర్ కేస్‌మెంట్ 1904లో ఇచ్చిన నివేదిక ఆ ఘోరాన్ని ప్రపంచానికి చూపించాయి. 1908లో లియోపోల్డ్ చేతిలోంచి ఆ నేల బెల్జియం ప్రభుత్వానికి మారింది. ఉత్తరపు గట్టున ఫ్రెంచివాళ్ళు కూడా మంచిగా ఏలలేదు. 1921 నుంచి 1934 దాకా సముద్రానికి వేసిన కాంగో-ఓషన్ రైలుమార్గంలో నిర్బంధ కూలికి పట్టుకొచ్చినవాళ్ళు వేలమంది చనిపోయారు. పేరు ఒకటైనట్టే బాధ కూడా ఇద్దరిదీ ఒకటే.

తర్వాత 1960 వచ్చింది. దక్షిణపు గట్టుకు జూన్ 30న స్వాతంత్ర్యం. ఉత్తరపు గట్టుకు ఆగస్టు 15న. మన స్వాతంత్ర్య దినమే బ్రాజావిల్‌ది కూడా. ఇది మన పిల్లలకు తేలిగ్గా గుర్తుండిపోయే గుర్తు. దక్షిణాన తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరిలోనే హత్య చేశారు. ఖనిజాల నిలయమైన కటంగా రాష్ట్రం విడిపోతానంది. ఐక్యరాజ్యసమితి సేనలు దిగాయి. వాటిలో భారత సైనికులు ఉన్నారు. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్ దగ్గర, అంటే నేటి లుబుంబాషిలో, కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పోరాడుతూ ప్రాణాలు ఇచ్చాడు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందినవాడు ఆయన ఒక్కడే. మన వీరుడు ప్రాణం పెట్టిన కాంగో ఏదో మనకు తెలియకపోతే ఎలా? అది కిన్షాసా కాంగో.

ఆ దేశం పేరు తర్వాత చాలా మారింది. 1964లో డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో అయింది. 1966లో లియోపోల్డ్‌విల్ కిన్షాసాగా మారింది. 1971లో అధ్యక్షుడు మొబుటు దేశాన్ని జైర్ అన్నాడు. 1974లో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించిన కిన్షాసా బాక్సింగ్ పోటీ జరిగింది ఆ జైర్‌లోనే. 1997లో మొబుటు పడిపోయాక పాత పేరు తిరిగొచ్చింది. అవతలి గట్టు రాజధాని మాత్రం బ్రాజావిల్ అన్న పేరును అలాగే ఉంచుకుంది.

ఇప్పటి లెక్కలు చూడండి. కిన్షాసా కాంగో వైశాల్యం 23 లక్షల 45 వేల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశంలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ. జనాభా పది కోట్లు దాటింది. బ్రాజావిల్ కాంగో 3 లక్షల 42 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపిన దానికంటే పెద్దది. జనం మాత్రం సుమారు 60 లక్షలు. ఒక్క కిన్షాసా నగరంలోనే దానికి రెట్టింపు మించి ఉన్నారు. మన ఫోన్ల బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో చాలా భాగం దక్షిణపు కాంగో గనుల నుంచి వస్తుంది. ఉత్తరపు కాంగో ఆదాయం ఎక్కువగా సముద్రపు చమురు మీద, దాని రేవు పాయింట్ నోయిర్. ఆఖరికి కోతులు కూడా ఈ నది హద్దును పాటిస్తాయి. చింపాంజీకి దగ్గర చుట్టమైన బొనోబో నదికి దక్షిణాన, కిన్షాసా కాంగో అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకదు. ఆ నీరు దాటి అది అవతలికి వెళ్ళలేదు.

మనుషులు దాటారు. రెండు రాజధానుల్లోనూ వీధి భాష లింగాలా. రెండుచోట్లా అదే రుంబా సంగీతం. 2021లో కాంగో రుంబాను యునెస్కో వారసత్వ జాబితాలోకి చేర్చినప్పుడు రెండు దేశాలూ కలిసే దరఖాస్తు పెట్టుకున్నాయి. అదే సమయంలో సరిహద్దు సరిహద్దే. 2014లో బ్రాజావిల్ పోలీసులు కాగితాలు లేవంటూ అవతలి గట్టు వాళ్ళను ఏరివేస్తే లక్షమందికి పైగా పడవలెక్కి కిన్షాసాకు తిరిగి వెళ్ళారు. ఒకే భాష, ఒకే పాట, వేరు పాస్‌పోర్టు. ఈ మూడూ కలిపి తెలుసుకుంటేనే రెండు కాంగోలు అర్థమవుతాయి.

ఇక రెండో జంట. నైజర్ నది గినీ కొండల్లో, అట్లాంటిక్ సముద్రానికి 240 కిలోమీటర్ల దూరంలోనే పుడుతుంది. అయినా సముద్రం వైపు రాదు. ఎడారి వైపు ఈశాన్యంగా వెళ్ళి, మాలిలో టింబక్టూ దాటాక పెద్ద వంపు తిరిగి, ఆగ్నేయంగా దిగుతుంది. నైజర్ దేశపు రాజధాని నియామే మీదుగా వచ్చి నైజీరియాలో ప్రవేశిస్తుంది. లొకోజా దగ్గర బెన్యూ నదిని కలుపుకుని, డెల్టాగా చీలి గినీ సింధుశాఖలో కలుస్తుంది. మొత్తం 4,180 కిలోమీటర్లు. ఈ దారి గుర్తుంటే జంట విడిపోయినట్టే. పైనున్నది, ఎడారిలో ఉన్నది, సముద్రం లేనిది నైజర్. కిందున్నది, సముద్రతీరం ఉన్నది నైజీరియా.

నైజీరియా పేరు పుట్టిన తేదీ కూడా మనకు తెలుసు. 1897 జనవరి 8న లండన్ టైమ్స్ పత్రికలో ఫ్లోరా షా అనే పాత్రికేయురాలు, రాయల్ నైజర్ కంపెనీ చేతిలో ఉన్న భూభాగాలకు ఆ పేరు సూచించారు. 1900లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ కంపెనీకి 8 లక్షల 65 వేల పౌండ్లు చెల్లించి ఆ నేలను తీసుకుంది. 1914లో ఉత్తర, దక్షిణ భాగాలను కలిపి ఒకే పాలన కింద పెట్టింది. పై భాగాన్ని ఫ్రాన్సు పట్టుకుంది, నది పేరునే ఆ వలసకు పెట్టింది. మధ్యలో గీత గీసింది 1890లో. లండన్, పారిస్ ఒప్పుకుని, నైజర్ ఒడ్డునున్న సే నుంచి చాద్ సరస్సు దగ్గరున్న బరువా దాకా గీత లాగాయి. తర్వాత సవరణలు జరిగాయి గానీ హౌసా జనం రెండు దేశాల్లోకి చీలిపోవడం ఆ గీతతోనే మొదలైంది.

దీన్ని ఒక చోట దగ్గరగా చూద్దాం. నైజీరియాలో కట్సినా అనే పాత హౌసా నగరం ఉంది. 19వ శతాబ్దం మొదట్లో ఉస్మాన్ దాన్ ఫోదియో అనే మతగురువు నడిపిన జిహాద్‌లో అక్కడి రాజవంశం గద్దె పోగొట్టుకుంది. ఆ వంశం వాళ్ళు ఉత్తరానికి వెళ్ళి మరాడి దగ్గర కొత్త రాజ్యం నిలబెట్టుకున్నారు. ఇవాళ కట్సినా నైజీరియాలో ఉంది, మరాడి నైజర్‌లో ఉంది. రెండుచోట్లా ఇంట్లో మాట్లాడేది హౌసాయే. కానీ కట్సినా పిల్లవాడు బడిలో ఇంగ్లీషు దిద్దాడు, మరాడి పిల్లవాడు ఫ్రెంచి దిద్దాడు. ఒకరి చేతిలో నైరా నోటు, ఇంకొకరి చేతిలో సీఎఫ్‌ఏ ఫ్రాంకు. ఒకరు 1960 అక్టోబర్ 1న స్వతంత్రులయ్యారు, ఇంకొకరు అదే ఏడాది ఆగస్టు 3న.

పరిమాణంలో తికమక ఇంకా ఎక్కువ. వైశాల్యంలో నైజర్‌దే పైచేయి, 12 లక్షల 67 వేల చదరపు కిలోమీటర్లు. నైజీరియా 9 లక్షల 24 వేలు. అయితే నైజర్‌లో ఎక్కువ భాగం సహారా ఎడారి కావడంతో జనం మూడు కోట్ల లోపే. నైజీరియాలో 22 కోట్లకు పైన, ఆఫ్రికాలోకెల్లా ఎక్కువ. నైజీరియాకు 1956లో ఒలోయిబిరిలో చమురు దొరికింది. నైజర్‌కు అర్లిత్ దగ్గర యురేనియం ఉంది. నైజీరియా రాజధాని 1991 డిసెంబర్ దాకా లాగోస్, అప్పటి నుంచి అబూజా. చినువా అచెబె, 1986లో నోబెల్ బహుమతి అందుకున్న వోలె షోయింకా ఈ నైజీరియా రచయితలే.

2023 జులైలో నైజర్ సైన్యం అధ్యక్షుడు మహమ్మద్ బజూమ్‌ను దించేసింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఆంక్షలు పెట్టింది. ఆ వెంటనే నైజీరియా నుంచి నైజర్‌కు వెళ్ళే కరెంటు ఆగిపోయింది. నైజర్ వాడుకునే కరెంటులో ఎక్కువ భాగం అక్కడినుంచి వచ్చేదే కాబట్టి నియామే వీధులు చీకటిపడ్డాయి. నైజర్, నైజీరియా ఒకటే అనుకున్నవాళ్ళకు ఈ వార్త అర్థమే కాదు. వేరు వేరు అని తెలిసినవాళ్ళకు మాత్రం ఎవరు ఎవరి మీద ఎంత ఆధారపడి ఉన్నారో ఒక్క వార్తతో తెలిసిపోతుంది.

శ్రోతలారా, ఇప్పటిదాకా చెప్పుకున్నదాన్ని మిగతా జంటలకూ వాడుకోవచ్చు. పేరు వినగానే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రాజధాని ఏది? బడిలో, కచేరీలో నడిచే పరాయి భాష ఏది? సముద్రం ఉందా? స్వాతంత్ర్యం ఎప్పుడు? పశ్చిమ ఆఫ్రికాలో పక్కపక్కనే ఉన్న గినీ, గినీ-బిస్సావులను తీసుకోండి. కొనాక్రీ రాజధానిగా ఉన్న గినీది ఫ్రెంచి, 1958లో విడుదలైంది. బిస్సావుది పోర్చుగీసు, ఆయుధం పట్టి 1974లో గుర్తింపు పొందింది. ఈక్వటోరియల్ గినీ వీటికి చాలా దూరంలో, గాబన్ పక్కన ఉంది, అక్కడ స్పానిష్. ఖార్తూమ్ రాజధానిగా సూడాన్, జూబా రాజధానిగా 2011 జులై 9న పుట్టిన దక్షిణ సూడాన్. కరీబియన్‌లో డొమినికాది ఇంగ్లీషు, డొమినికన్ రిపబ్లిక్‌ది స్పానిష్. నాలుగు ప్రశ్నల్లో రెండింటికి జవాబు తెలిసినా చాలాసార్లు పొరపాటు జరగదు.

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అక్కడ ఉద్యోగానికో వ్యాపారానికో వెళ్ళేవాళ్ళకు ఇది నేరుగా అవసరం. ఒక కాంగో వీసా ఇంకో కాంగోలో చెల్లదు. ఫోన్ కోడ్ బ్రాజావిల్‌ది 242, కిన్షాసాది 243. మనవాడు కాంగోలో ఉన్నాడని చెప్పుకునే ఇంట్లోవాళ్ళకు ఆ ఒక్క అంకె తేడా తెలిసి ఉండాలి. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు గోమా నగరాన్ని పట్టుకున్నప్పుడు కాంగోలో యుద్ధం అన్న వార్త అందరిళ్ళకూ చేరింది. గోమా ఉన్నది కిన్షాసా కాంగో తూర్పు కొసన, రువాండా సరిహద్దులో. బ్రాజావిల్‌లో ఉన్న మనిషికి ఆ పోరు 1,500 కిలోమీటర్ల అవతల, వేరే దేశంలో జరుగుతున్నది. ఇది తెలిస్తే ఇంటి దగ్గర అనవసరమైన కంగారు ఉండదు. తెలియకపోతే గోమాలో నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళ సంగతి కూడా సరిగ్గా అర్థం కాదు.

వ్యాపారం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి ఎంతోమంది విద్యార్థులు వస్తుంటారు. సూడాన్ నుంచి వచ్చినా, కాంగో నుంచి వచ్చినా, టాంజానియా నుంచి వచ్చినా వీధిలో వాళ్ళకు మనం తగిలించే పేరు ఒక్కటే, నైజీరియన్లు. ఎవరో ఒక నైజీరియన్ తప్పు చేశాడని పత్రికలో వస్తే, ఆ దేశం ముఖమే చూడని కుర్రాడికి గది అద్దెకు దొరకదు. ఇది అన్యాయం. దేశం కాని దేశంలో మనల్ని ఇంకో దేశంవాళ్ళుగా లెక్కకట్టి అనుమానిస్తే మనం ఎంత నొచ్చుకుంటామో అంతే బాధ వాళ్ళకూ ఉంటుంది. ఆ బాధ మన చేత కలగకుండా చూసుకోవడం మన పని.

అందుకే నా మనవి ఇది. వార్తలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు కాంగో అన్న ప్రతిసారీ కిన్షాసాయో బ్రాజావిలో చేర్చి చెప్పండి. ఒక్క మాట పెరుగుతుంది, అంతే. ఉపాధ్యాయులు ఆఫ్రికా పటం గోడకు తగిలించినప్పుడు దేశాల రంగులతో ఆపకుండా ఈ రెండు నదులను పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా పిల్లల వేళ్ళతో గీయించండి. మీ వీధిలో ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థి ఉంటే, ఏ దేశం బాబూ, ఏ ఊరు అని అడగండి. కట్సినా అని చెప్పినా, మరాడి అని చెప్పినా, అవి ఎక్కడున్నాయో ఇప్పుడు మీకు తెలుసు. మాట కలపడానికి అంతకన్నా మంచి మొదలు ఉండదు.